గోడకెక్కిన తోడల్లుడు

ఈగలకు వంట చేసిపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనంటే ఎవరూ నమ్మరు. అందరూ ‘పాకం’ అని పిలిచే అతను చేసే పని అదే. పరిశోధనశాల వెనక గదిలో మొక్కజొన్న పిండి, ఈస్టు, చక్కెర కలిపి పెద్ద గిన్నెలో ఉడికించి, గాజు గొట్టాల్లో పోసి, దూదితో మూతులు బిగిస్తాడు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు ఆ గొట్టాల్లోనే పుట్టి, తిని, గుడ్లు పెట్టి, అక్కడే పోతాయి. ఆ గొట్టాలూ గిన్నెలూ కడిగేది అతని తోడల్లుడు. ఇద్దరి భార్యలూ అక్కచెల్లెళ్ళు. అతనికి ఆ ఉద్యోగం వేయించింది పాకమే. అది తలుచుకున్నప్పుడల్లా తన చెంప తానే వాయించుకోవాలనిపించేది.

ఎందుకంటే ఆ తోడల్లుడి పేరు గోడకెక్కింది.

ఈగల శాస్త్రంలో ఒక తమాషా ఉంది. ఒంట్లో ఒక ప్రోటీన్ లేకుండా చేసి, ఏం చెడిందో చూసి, ఆ లోపాన్నే దానికి పేరుగా పెడతారు. కళ్ళు మొలిపించేదాన్ని పట్టుకుని ‘కళ్ళులేనిది’ అంటారు. ఇంకోటి లేకపోతే కాస్త సారా తగిలినా ఈగ తూలిపోతుందని దానికి ‘చవకబేరం’ అని పెట్టారు. అలాగే పరిశోధనశాల నడిపే మేడమ్ ఒక ప్రోటీన్ తీసేస్తే ఈగలు మిట్టమధ్యాహ్నం దాకా లేవలేదు. ఏం పేరు పెట్టాలా అని ఆవిడ అటూ ఇటూ చూసేసరికి, నీళ్ళ తొట్టికి ఆనుకుని తోడల్లుడు కునుకు తీస్తున్నాడు. అందరూ అతన్ని పిలిచే పేరే ఖాయమైంది: నిద్రమొహం. వరండా గోడ మీద, రంగురంగుల బొమ్మల కింద, లావు అక్షరాల్లో.

“మా చెల్లెలి మొగుడు నిద్రపోయి పేరు తెచ్చుకున్నాడు. మీరు మేలుకునుండి ఏం సాధించారు?” అంది పాకం భార్య.

ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు వెళ్ళి మేడమ్ గది ముందు నిలబడ్డాడు.

“నా పేరు కూడా దేనికైనా పెట్టండి మేడమ్. ‘పాకం’ అంటే వినడానికి కూడా తియ్యగా ఉంటుంది.”

“అది లోపాన్ని బట్టి పెట్టే పేరయ్యా. నీలో ఏదైనా లోపం ఉంటే చెప్పు.”

“నాలో లోపమా? వెతికినా దొరకదు మేడమ్.”

“మరి నేనేం చెయ్యను?”

ఆనాటి నుంచి గొట్టం మీద చిన్న మరక కనిపించినా తిప్పి పంపేవాడు. నిద్రమొహం కిక్కురుమనకుండా మళ్ళీ కడిగిచ్చేవాడు. దానికి పాకానికి ఇంకా ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకు ఇంకో ప్రోటీన్ తీసేసిన కొత్త రకం ఈగలు తయారయ్యాయి. మేత దండిగా ఉన్నా, చోటు బోలెడున్నా, ఇంకో ఈగ మూతి పెట్టినచోటికే పోయి, దాన్ని తోసేసి కూర్చునేవి. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే మేడమ్ పకపకా నవ్వింది.

“పాకం! నీకు పేరు దొరికిందయ్యా. ‘తోడల్లుడు’!”

“గోడ మీద వేస్తారా?”

“లావు అక్షరాల్లో.”

నేల మీద కాలు ఆనకుండా ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ అంతా వింది.

“అంటే ఆ ప్రోటీన్ ఉన్నవాళ్ళకి కుళ్ళు ఉండదన్నమాట. మీ ఒంట్లో లేనిదానికి మీ పేరు పెట్టారండీ!”

“శాస్త్రం నీకేం తెలుసు?” అన్నాడు. పేరు గోడకెక్కుతోంది, అంతే చాలు.

ఆ పేరున్న కాగితం గోడకు అంటించిన రోజు పాకం పొయ్యి దగ్గర గరిట తిప్పుతుంటే నిద్రమొహం వచ్చాడు.

“చూశావా అన్నయ్యా? నా పేరు మళ్ళీ పడింది!”

“నీదేంట్రా? అది నేను!”

“నువ్వు నాకేమవుతావు?”

“తోడల్లుణ్ణి.”

“మరి నేను నీకు?”

గరిట ఆగిపోయింది.

“అందరూ నాకే చేతులు కలుపుతున్నారు. రెండు పేర్లున్నవాణ్ణి నేనొక్కణ్ణేనట,” అని ఆవలించి వెళ్ళిపోయాడు.

అడుగంటిన వాసన వచ్చింది. పాకం మంట తగ్గించబోయాడు. అంతలో ఆ గిన్నె తోమాల్సింది ఎవరో గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, కిటికీ తెరిచి, ఇంకాసేపు మాడనిచ్చాడు.