సాయమ్మ కంపెనీ

పటాన్‌చెరు నుంచి కాజీపల్లి దాకా పొద్దున్నే ఎవరిని ఎక్కడికని అడిగినా ఒకటే జవాబు: కంపెనీకి. అక్కడ మందులు చేస్తారా, ఇనుము కరిగిస్తారా అన్నది రెండో ప్రశ్న. నేను తిరిగిన ఊళ్లలో మిల్లుకు పోయేవాళ్లున్నారు, గనికి పోయేవాళ్లున్నారు. ఇక్కడ అందరూ కంపెనీకే పోతారు. కర్దనూర్‌లో నాకు ముందు గది కిరాయికిచ్చిన సాయమ్మ కూడా పదిహేడేళ్లుగా పోతోంది. మాత్రల పట్టీలను అట్టపెట్టెల్లో సర్దే పని. కాంట్రాక్టు మీద చేరింది, కాంట్రాక్టు మీదే ఉంది.

పక్క వీధి బీరమ్మను పనిలో పెట్టించింది సాయమ్మే. వాళ్లిద్దరికీ మధ్యాహ్నం తిండి దగ్గర ఒక ఒప్పందం ఉండేది. సాయమ్మ జొన్నరొట్టెలు మాత్రమే తేవాలి, బీరమ్మ కూర మాత్రమే తేవాలి. ఎందుకంటే సాయమ్మ కూరలో ఉప్పు ఏనాడూ కుదరదు, బీరమ్మ రొట్టె పెనం ఎక్కకముందే పగుళ్లిస్తుంది. గేటు బయట సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డుంది. అక్కడ ఒకే డబ్బా మూతలో ఇద్దరూ తినేవాళ్లు. ఒకరు నాగా పెడితే ఆ రోజు రెండోవాళ్లకు సగం తిండే.

మొన్న ఎండాకాలంలో బీరమ్మ పర్మినెంట్ అయింది. ఆమె దగ్గర పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. సాయమ్మ ఏడుతో ఆపేసింది. పర్మినెంట్ వాళ్లు లోపల క్యాంటీన్‌లో తింటారు.

"నౌకరి అయితే అయిందిగని సారూ," అంది సాయమ్మ నాతో, పిండి పిసుకుతూ. "లోపల కొత్త పోరి ఒకతుందట, శ్రీలతని. మన మేడమ్ గా పోరికి రోజూ కూర తీస్కపోయి పెడ్తున్నదట. పదేనేండ్లు నా రొట్టె తిన్న నోరు!"

నౌకరి సంగతి అంత తేలిగ్గా పోయిందని నేను నమ్మలేదు. బీరమ్మ కొత్త ఐడీ కార్డు మెడలో వేసుకుని వీధిలో పోతుంటే సాయమ్మ తలుపు వేసుకోవడం చూశాను. కానీ ఎక్కువ మండింది కూర దగ్గరే. నాలుగు రొట్టెలు చేయడం మానలేదు. రెండు కారంపొడితో మింగి, రెండు ఇంటికి తెచ్చి బర్రెకు వేసేది.

"గా కంపెనీ మీద మన్నువడ!" అంది ఓ సాయంత్రం. మాటల పుస్తకాలు చదివి తెచ్చుకున్న పాత రోగమొకటుంది నాకు. మాట వినబడితే దాని పుట్టుక చెప్పకుండా ఉండలేను.

"సాయమ్మా, కంపెనీ అంటే ముందు కట్టడం కాదు, యంత్రాలూ కాదు. లాటిన్ భాషలో 'పానిస్' అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్లకు దాన్నుంచే పేరొచ్చింది. తోడుండేవాళ్ల గుంపును ఫ్రెంచివాళ్లు ఆ మాటతోనే పిలిచారు. తర్వాత సిపాయిల దండుకూ, కలిసి వ్యాపారం చేసేవాళ్లకూ అదే అంటుకుంది. ఆ వ్యాపారులు మన దేశానికొస్తే మన పెద్దలు కుంఫిణీ అన్నారు. చాయ్‌లో ముంచుకునే పావ్ ఉంది చూడు, అదీ ఆ రొట్టెకు చుట్టమే, పోర్చుగీసు దారిన వచ్చింది. ఇప్పుడేమో ఫ్యాను కొన్నా ఏ కంపెనీదంటాం. కల్లు దుకాణంలో 'జర కంపెనీ ఇయ్యరాదే' అంటారే, వాళ్లొక్కరే పాత అర్థానికి దగ్గరగా ఉన్నారు."

సాయమ్మ బర్రెకు వేయబోయిన రొట్టె వంక చూసింది. ఆమె నెలకోసారి చర్చిలో విరిచిన రొట్టె అందుకునే మనిషి. "గిది మా చర్చి అయ్యగారికి ఎర్కనా?" అంది ముందు. తర్వాత ముఖం నల్లబడింది. "అయితే నాది కంపెనీ గాదు. నేను షెడ్డుల ఒక్కదాన్నే తింట. గా ఇద్దరిదే కంపెనీ."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మర్నాడు ఆమె గేటు దగ్గర కాపలా ఉండే యాదన్నతో చెప్పేసింది: బయటి తిండి లోపలికి రావద్దని బోర్డు ఉండె గదా, మరి బీరమ్మ సంచిల కూర డబ్బా ఎట్ల పోతున్నది?

ఆ మరుసటి రోజు యాదన్న డబ్బాను గేటు బల్ల మీద పెట్టించాడు. ఒంటిగంటకు సాయమ్మ షెడ్డులో మూత తీసి కూర్చుంది. బల్ల మీది డబ్బా అక్కడికి కనబడుతుంది. ఆ రోజు కారంపొడి కూడా తియ్యగా ఉందని తర్వాత నాతో తానే ఒప్పుకుంది. అంతలో బీరమ్మ గేటు దాటి వచ్చి, డబ్బా తీసుకుని, నేరుగా షెడ్డులోకి నడిచింది. ఆమె వెనకే శ్రీలత.

"జరుగు వదినె," అంది బీరమ్మ.

"ఏంది, మీ క్యాంటీన్ కూలిపోయిందా?"

"చెప్పింది నువ్వేనని నాకెర్కే."

"చెప్పిన. ఏం జేస్తవ్?"

"ఏం జేస్త, తింట. లోపల ఫ్యాన్ కింద కూసునుడు మంచిగనిపిచ్చింది వదినె, అవద్దమెందుకు. గని గా మెత్తని అన్నంల నా కూర కలిపితే ఎవరి కూరనో అనిపిస్తది. తే రొట్టె."

సాయమ్మ రొట్టె తీయలేదు. శ్రీలత నిలబడే ఉంది. "క్యాంటీన్ సాంబారు నీళ్ల లెక్కుంటది ఆంటీ," అంది మెల్లగా.

"ఆంటీ గీంటీ అనకు. కూసో."

బీరమ్మ డబ్బా తెరిచింది. వంకాయ కూర. సాయమ్మ రొట్టె విరిచి పెద్ద ముక్క బీరమ్మ ముందు పెట్టింది. శ్రీలతకు మాడిన అంచు ఇచ్చింది. ఆ పిల్ల అదేమీ గమనించకుండా తిని, ఇంత మంచి రొట్టె ఎన్నడూ తినలేదంది. ఆ మెప్పు కూడా సాయమ్మకు రుచించలేదు. "ఊరికే అన్నది సారూ, రేపు సుత రావాలె గదా," అంది ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాతో. మళ్లీ తనే అడిగింది: "అవును సారూ, మీ పుస్తకంల కంపెనీ అంటే ఎంతమంది తినాలని రాసున్నది? ఇద్దరేనా?"

"లెక్క రాయలేదమ్మా."

"రాయాల్సుండె," అంది.

తెల్లవారి పెనం చప్పుడుకు లేచి చూశాను. నాలుగు పెద్ద రొట్టెలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఐదోది పెనం మీద ఉంది, అరచేతికి మించదు.

"అదెవరికి?"

"ఎవరికైతేంది సారూ," అని చటుక్కున తిరగేసింది. ఒక పక్క మాడిపోయింది. దాన్ని చూసి, కాసేపు ఆలోచించి, అలాగే గుడ్డలో వేసుకుంది.