జీడి మామ్మ, నేను, రెండో మనిషి

ఆ రోజుల్లో బోటనీ చదివే పిల్లకు చెట్టు కనబడితే చాలు, లాటిన్ పేరు చెప్పకపోతే నాలుక దురద పెట్టేది. (పెసరట్టు తింటూ పెసరకు లాటిన్ పేరు చెప్పి మా అమ్మచేత చివాట్లు తిన్నదాన్ని నేను.) అరవైల్లో ఒక వేసవి సెలవులకు ఆగిరిపల్లిలో మా మేనత్తగారి మామిడితోటకు బయలుదేరుతుంటే మా లెక్చరరుగారు ఒక పని అప్పజెప్పారు. ఆఫ్రికాలో పల్లెజనం కడుపు జబ్బులకు మామిడి బెరడు కాచి తాగుతారట, మన వైపు ఏం వాడతారో రాసుకురమ్మన్నారు. "విన్నది రాస్తే కొట్టేస్తాను. రుజువుంటేనే సెమినార్‌లో చదవనిస్తాను" అని కూడా అన్నారు. మా కాలేజీలో అంతవరకు ఏ ఆడపిల్లా సెమినార్‌లో చదవలేదు. ఆ మొదటిదాన్ని నేనే కావాలని ప్రాణం కొట్టుకుపోయేది.

తోటలో కూలీలకు కడుపులో ఏం తేడా చేసినా జీడి మామ్మే దిక్కు. తనూ కాయలు ఏరే కూలీయే. మామిడి టెంక పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి దంచి, చిటికెడు పొడి మజ్జిగలో కలిపి ఇచ్చేది. నేను నోటుబుక్కు తెరిచి ఎదుట కూర్చున్నాను.

"ఇది పనిచేస్తుందని రుజువేంటి మామ్మా?"

"రుజువంటే ఏంటండీ అమ్మాయిగారూ?"

ఒకే జబ్బున్న ఇద్దరిలో ఒకరికి మందిచ్చి, రెండో మనిషికి ఇవ్వకుండా చూడాలని గొప్పగా వివరించాను. మామ్మ పొడి జల్లించడం ఆపి, "మరి ఆ రెండో మనిషి ఏం పాపం చేశాడండీ?" అంది. (దానికి జవాబు లెక్చరరుగారు నాకు చెప్పి పంపలేదు.)

ఇక నా కడుపే ప్రయోగశాల అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే చిన్నరసాలు పద్నాలుగు జుర్రి, పైన పచ్చికాయ ఒకటి ఉప్పూకారంతో లాగించాను. మధ్యాహ్నానికి ప్రయోగం మొదలైంది. ఐదోసారి వెళ్ళొచ్చాక, కడుపు పట్టుకునే గర్వంగా మామ్మ ముందు నిలబడి పొడి ఇమ్మన్నాను.

మామ్మ ఇవ్వలేదు. నెత్తురు పడిందా, జ్వరముందా, దాహమెంత అని అడిగింది. ఒంట్లో నీరు తగ్గిందేమోనని చేతి మీద చర్మం పైకి లాగి వదిలి చూసింది. ఆ పొద్దున ఒక కూలీని అలాగే చూసి, "ఇది నా పొడికి లొంగేది కాదు" అని బండెక్కించి నూజివీడు ఆసుపత్రికి పంపిందట. పక్కనే ఉన్న మా అత్తయ్య ఆ మాట చెప్పింది. అక్షరం రాని ఆ వేళ్ళలో ఎంత చదువుందో అనుకున్నాను.

"ఇది జబ్బు కాదండి, తిండెక్కువైంది. ఉప్పేసిన గంజి తాగుతూ పడుకోండి" అంది మామ్మ.

"మరి నా రుజువు?" అన్నాను ఏడుపు గొంతుతో.

సాయంత్రానికి సర్దుకుంది. పొడి మింగి ఉంటే, అదే తగ్గించిందని పేజీలకు పేజీలు నింపేదాన్ని. మామ్మ గంజిగిన్నె తీసుకుపోతూ నవ్వింది.

"రాసుకోండి అమ్మాయిగారూ. ఆ రెండో మనిషి మీరే కదండీ. మందు లేకుండానే తగ్గింది."

ఉన్నదున్నట్టు రాశాను. సెమినార్ నాకు దక్కలేదు. లెక్చరరుగారు మాత్రం ఆ పేజీ రెండుసార్లు చదివి, కొట్టేయకుండా తిరిగిచ్చారు. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. జీడిపొడి పనిచేస్తుందా అన్న ప్రశ్న ఎదుట నేను వదిలిన ఖాళీ అలాగే ఉంది. తరువాత ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పాను. రుజువంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పిల్లలకు మామ్మ కథే చెప్పేదాన్ని. ఆ రెండో మనిషి ఎవరని వాళ్ళు అడిగితే, ఎవరో ఒక తిండిపోతు పిల్ల అనేదాన్ని.