చాచా ముట్టించని పొయ్యి

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా నారాయణపేటలోని ఒక చీరల దుకాణం కోసం ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ రాశాను. స్క్రీన్ మీద నింపిన రంగులు మధ్యలోని ప్రోగ్రాంకు, అక్కణ్నుంచి డేటాబేస్‌కు వెళ్లేవి. పేర్లేవీ తగిలించకుండా వరసగా పంపేదాన్ని. ముందొచ్చేది చీర రంగు, తర్వాతది అంచు రంగు. అంతే.

ఒకరోజు స్క్రీన్‌ను అందంగా మారుద్దామని ఆ వరస తిప్పేశాను. మధ్యలోని ప్రోగ్రాంలో మార్చడం మాత్రం మరిచాను. రెండూ రంగులే కాబట్టి కంప్యూటర్ కిక్కురుమనలేదు. తప్పు నా కంటబడేసరికి, చీర రంగు అంచుకూ అంచు రంగు చీరకూ పడిన ఎనిమిది పెళ్లిచీరల ఆర్డర్ చీటీలు, పట్టుకు రంగేసే జహంగీర్ చాచా దగ్గరికి వెళ్లిపోయాయి. పొయ్యి మీద మరిగే ముదురు రంగులో మునిగిన పట్టు మళ్లీ లేతగా మారదు. వెంటనే ఫోన్ చేశాను.

"చాచా, పట్టు ముంచినవా?"

"ఏడ ముంచిన బిడ్డా! పొయ్యే ముట్టియ్యలే. ఎనిమిది చీటీలల్ల అన్నీ లేత అంచులే ఉన్నయి. అంచు నేలకు తాకి మాసిపోతది గద, అందరికందరు గట్ల అడుగుతరా? నిన్నే అడుగుదామని కూసున్న."

రంగులు తారుమారు చేసింది నేనేనని చెప్పి, ఏడుస్తూనే నవ్వాను.

"ఫికర్ జెయ్యకు. నీ కంప్యూటర్ ఎన్నడన్న చీర కట్టిందా?" అన్నాడు చాచా.

ఆరోజే, ఇది చీరది, ఇది అంచుది అని ప్రతి రంగుకూ పేరు తగిలించి పంపేలా మార్చాను. మళ్లీ ఆ తప్పు జరగలేదు. అయినా లేత అంచు కనబడితే చాచా ఇప్పటికీ నన్ను అడిగాకే పొయ్యి ముట్టిస్తాడు. మిగతా ఫోన్లకు విసుక్కుంటానేమో గానీ, ఆ ఫోన్ మోగితే మాత్రం నాకు ప్రాణం హాయిగా ఉంటుంది.