పాడితే పోయే వైఫై

ఆయన సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లో తలుపు వేస్తూ కూడా "రైట్ రైట్" అనేస్తాడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని రైట్‌రైట్ అనే పిలుస్తుంది. గొంతు మాత్రం బంగారం. రోజంతా జనం మధ్య అరిచి అలిసిపోయి వచ్చినా, స్నానాల గదిలోకి దూరాడంటే పాట మొదలు.

పాట నేర్పింది వాళ్ల అక్క. పెళ్లయ్యాక ఆమె వేరే ఊళ్లో స్థిరపడింది. ఆమెతో కలిసి పాడుకోవాలనే ఆయన ఓ పాత కంప్యూటర్ కొని, పడగ్గదిలో కిటికీ పక్కన బల్ల వేసి పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తెర మీద అక్క ముఖం కనిపించాల్సిందే.

చిక్కల్లా ఒకటే. కబుర్లు చెప్పుకున్నంతసేపూ అక్క చక్కగా కనిపిస్తుంది. ఈయన పల్లవి అందుకుని ఊపు మీద చరణంలోకి వెళ్లేసరికి, ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే బిగుసుకుపోతుంది. వైఫై పోయిందన్నమాట.

"నీ పాటంటే కంప్యూటర్‌కి కూడా హడలేరా తమ్ముడూ!" అని అక్క ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

హాల్లోని వైఫై పెట్టెను ఆపి మళ్లీ వేశాడు. దాన్ని అలమర మీదకి ఎక్కించాడు. కంపెనీ మనిషి వచ్చి, ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "సిగ్నల్ ఫుల్లుగా ఉంది సార్" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆదివారం వచ్చింది, చరణం వచ్చింది, అక్క మాయమైపోయింది.

ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. ఇక ఆమె రంగంలోకి దిగింది.

"అందరూ మందు వేసేవాళ్లే గానీ, రోగం ఎప్పుడొస్తోందో ఎవరూ చూడట్లేదు. లేవండి, ముందు నేను పాడతా."

ఆమెకూ శ్రుతికీ ఆమడ దూరం. అయినా పాట మొత్తం పాడేసింది. తెర మీద అక్క పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటూ కూర్చుంది. కనెక్షన్ చెక్కుచెదరలేదు.

"అంటే దీనికి నా గొంతే పడదంటావు!" అన్నాడాయన ఉక్రోషంగా.

"అబ్బ, ఉండండి. ఆ గుమ్మం దగ్గర నిలబడి పాడండి."

పాడాడు. చరణాలన్నీ అయిపోయాయి, అక్క అలాగే ఉంది. కుర్చీలో కూర్చుని పాడాడు. పోయింది. మళ్లీ కాల్ కలిపి, ఆయన్ని పాడమని చెప్పి, ఆమె బల్ల కింద దూరింది.

పాట ఊపందుకునే కొద్దీ ఆయన కుడి మోకాలు తాళం వేస్తోంది. అది వేసే ప్రతి దెబ్బా బల్ల కిందున్న కంప్యూటర్ డబ్బాకే తగులుతోంది. వైఫై అందుకునే వేలెడంత పుల్ల ఆ డబ్బా ముందువైపే గుచ్చి ఉంది. అసలే వదులుగా ఉన్న ఆ పుల్ల మోకాలు తాకగానే కదిలిపోతోంది.

"దొరికాడు దొంగ! మీ మోకాలేనండీ!" అంటూ హుషారుగా లేచి, బల్లకు నెత్తి కొట్టుకుంది. "అమ్మో" అంటూనే నవ్వింది. ఆయన ఆమె నెత్తి రుద్దుతూ తనూ పగలబడి నవ్వాడు.

పుల్లను డబ్బా వెనక్కి మార్చి చూశారు. గోడ వైపు సిగ్నల్ సరిగా అందలేదు. సాయంత్రం ఆమే బజారుకెళ్లి చిన్న వైరు ముక్క కొనుక్కొచ్చింది. దాని ఒక కొన డబ్బాకు తగిలించి, రెండో కొనకు పుల్లను గుచ్చి బల్ల మీదకి తెచ్చి, పెన్నులు పెట్టుకునే గ్లాసుకు రబ్బరు బ్యాండుతో కట్టేసింది.

మరుసటి ఆదివారం మోకాలు తన ఇష్టమొచ్చినట్టు ఆడింది. పాట మొత్తం సాగింది. ఇక్కడి గొంతు అక్కడికి చేరేసరికి కాస్త ఆలస్యమై, అక్కాతమ్ముళ్లు ఒకరి వెనక ఒకరు పరుగెత్తినట్టు పాడారు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఏం మరదలా, చూస్తావేం? నువ్వూ అందుకో!" అంది అక్క.

"వద్దు వదినా, పాపం మీరు!" అంటూనే ఆమె అందుకుంది.

పక్కింటివాళ్లు కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డారు. వినడానికో, ఆపమని చెప్పడానికో తెలియలేదు. రైట్‌రైట్ వాళ్లకు చెయ్యూపి రెండో పాట ఎత్తుకున్నాడు.