ఓబలప్ప పేరుతో వచ్చిన కాగితం

ఆ పంచాయితీ పేరు ఇక్కడ రాయను. బంగారు గనుల వైపు, బేతమంగళ చుట్టుపక్కల ఊళ్లలో ఒకటి అనుకోండి, చాలు. రాస్తే అక్కడ పనిచేసేవాళ్లకు కోపం వస్తుంది. రాయకపోతే సొన్నమ్మకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు, పోవాల్సింది ఎటూ పోయింది.

సొన్నమ్మకు యాభై ఏడేళ్లు. రెండు గదుల ఇల్లు, దాని పక్కన రేకుల కొట్టం, కొట్టంలో రెండు ఆవులు. పూటపూటా డెయిరీకి పాలు పోస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. భర్త ఓబలప్ప బంగారు గనులు మూతపడేదాకా భూమి కింద పనిచేశాడు. తర్వాత ఈ జాగా కొని, దగ్గుతూనే ఇరవై ఏళ్లు లాగి, 2021లో కన్నుమూశాడు. నేను రాబర్ట్‌సన్‌పేటలో అర్జీలు టైపు చేసుకునే మనిషిని. ఆమె కాగితాలన్నీ నా మిషన్ మీదే తయారయ్యాయి. వాటిలో ఒక వాక్యం నన్ను ఇప్పటికీ పీకుతూనే ఉంది.

కథ అర్థం కావాలంటే ముందు ఆమె అత్త చిన్నక్క గురించి చెప్పాలి. వాళ్లది చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబం, కాపురం కోరమండల్ లైన్లలో, అంటే గని కంపెనీ కూలీలకు వరసగా కట్టించిన ఇళ్లలో. చిన్నక్క మొగుడు గని లోపల రాయి విరిగి పడి చచ్చిపోయినప్పుడు కొడుకు ఓబలప్పకు పద్దెనిమిదేళ్లు. కొన్నాళ్లకు గని ఆఫీసు నుంచి చనిపోయినాయన పేరుతోనే ఒక కాగితం వచ్చింది. లైన్లలో ఆడవాళ్లకు ఒక గట్టి నమ్మకం ఉండేది. చచ్చినవాడి పేరుతో వచ్చిన కాగితాన్ని ముట్టుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే, ఆ పైన ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అది నిజమో కాదో నాకు తెలియదు. చిన్నక్క మాత్రం గుమ్మం దాటకుండా నిలబడి, ఆ పేరుగలాయన లేడని నాలుగు నెలలు కాగితాన్ని తిప్పి పంపింది. ఈలోగా ఓబలప్పకు గనిలో పని దొరికింది, పని ఉన్నవాళ్లకే ఆ ఇళ్లు కాబట్టి ఇల్లు నిలిచింది. కాపురానికి వచ్చిన కోడలికి ఆమె ముందుగా నేర్పింది ఈ పాఠమే.

ఓబలప్ప పోయాక సొన్నమ్మ జాగాను తన పేరుకు మార్చమని పంచాయితీకి రెండుసార్లు అర్జీ పెట్టింది. రెండూ నేనే టైపు చేశాను. మరణ పత్రం జతచేసి, ముద్ర కొట్టించుకుని వచ్చింది. రెండేళ్లు తిరిగినా పంచాయితీ పుస్తకంలో జాగా ఖాతా ఆమె పేరుకు మారలేదు. వచ్చే వారం రమ్మనడం ఒక్కటే వాళ్లకు బాగా వచ్చిన విద్య.

2023లో ఊళ్లోకి కొత్త రోడ్డు వచ్చింది. నందీశ్ అని పంచాయితీ మెంబరు ఒకడున్నాడు. అతని మామిడి తోట గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ రోడ్డు బుద్ధిగా పక్కకు వంగి, తిన్నగా సొన్నమ్మ కొట్టం మీదికి నడిచింది. కొట్టం రోడ్డు జాగాలో ఉంది, తీసేయాలని పంచాయితీ తీర్మానం చేసింది. ఆ ఆర్డరును ఎవరి పేరుతో పంపారనుకున్నారు? ఓబలప్ప పేరుతో. రెండుసార్లు మరణ పత్రం తీసుకున్న చేతులే ఆ పేరు రాశాయి.

దాన్ని పంచాయితీ జవాను మునేష్ తెచ్చాడు. అప్పట్లో అత్త నిలబడినట్టే సొన్నమ్మ గుమ్మంలో నిలబడి, ఆ పేరుగలాయన లేడని చెప్పి పంపేసింది. ఇల్లు కాపాడుకున్నాననే అనుకుంది పాపం. మునేష్ ఆఫీసుకు పోయి, తీసుకోవడానికి నిరాకరించారని రాశాడు. అలా రాసిన రోజు నుంచే అప్పీలు గడువు ముప్పై రోజులు నడవడం మొదలైంది.

డెబ్బయ్యో రోజున కొట్టం స్తంభానికి ఎర్ర రంగుతో గుర్తు వేశారు. అప్పుడు సొన్నమ్మ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను లాయర్ నేత్రావతి దగ్గరికి తీసుకెళ్లాను. ఇలాంటి ఆర్డర్ల మీద నేరుగా బెంగళూరు ట్రిబ్యునల్‌కు పోవచ్చని, చచ్చినవాడి మీద ఆర్డరు నిలవదని ఆమె ధైర్యం చెప్పింది. ఒక్కటే చిక్కు. గడువు దాటింది కాబట్టి ఆలస్యానికి కారణం చూపాలి. ఎవరూ కాగితం తేలేదు, ఎవరూ చెప్పలేదు అని రాద్దామంది.

సొన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"మునేష్ వచ్చినాడమ్మా. నేనే వద్దన్నాను. రాలేదని రాస్తే ఆ బిడ్డ ఉద్యోగం పోతాది. వాళ్లింట్లో తినే నోళ్లు ఐదుండాయి."

నేత్రావతి అరగంట నచ్చజెప్పింది, తర్వాత విసుక్కుంది. సొన్నమ్మ కదల్లేదు. చివరికి 'నోటీసు తెచ్చారు, నా భర్త పేరుతో ఉన్నందున నేను తీసుకోలేదు' అని నేనే టైపు చేశాను. నిజమే కదా, నిజానికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా కోర్టు కాగితాలు కొడుతున్నవాణ్ని, అంత తెలివితక్కువగా ఎలా అనుకున్నానో!

తెల్లవారకముందే పాలు పితికి, కోరమండల్ స్టేషన్‌లో రైలెక్కి ఆమె నాలుగుసార్లు బెంగళూరు వెళ్లింది. మూడుసార్లు వాయిదా పడింది. నాలుగోసారి కేసు ఐదు నిమిషాల్లో తేలిపోయింది. నోటీసు వచ్చిన సంగతి తెలిసీ కావాలనే తీసుకోలేదని అప్పీలుదారే ఒప్పుకున్నారు కాబట్టి ఆలస్యాన్ని మన్నించలేమని ట్రిబ్యునల్ తేల్చేసింది. చచ్చినవాడి పేరు సంగతి, వంగిన రోడ్డు సంగతి ఎవరూ వినలేదు. గడువే దాటినప్పుడు కేసులోకి పోనక్కర్లేదట. అబద్ధం రాసుంటే ఆ మాటలైనా విని ఉండేవారు.

తీర్పు కాపీ ఇవ్వడానికి నేను వాళ్ల ఊరికి వెళ్లిన రోజే మునేష్ మళ్లీ వచ్చాడు. వారంలోగా కొట్టం ఖాళీ చేయాలని ఆఖరి ఆర్డరు తెచ్చాడు. సొన్నమ్మ పేడ చేతులు కడుక్కుని వచ్చి, ఎవరి పేరుందో చదవమని నన్ను అడిగింది. సొన్నమ్మ, కీర్తిశేషులు ఓబలప్ప భార్య అని ఉంది. ఇంటి నంబరు కూడా తప్పు లేకుండా రాశారు.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రెండేండ్లు తిరిగినా నా పేరు ఎక్కించలేదు గదప్పా. కొట్టం పీకేదానికి ఆయన చచ్చింది తెలిసొచ్చినాది."

మునేష్ నేల చూపులు చూస్తూ, కావాలంటే తీసుకోలేదని రాసుకుపోతానన్నాడు. సొన్నమ్మ అతని చేతిలోని పెన్ను తీసుకుంది.

"వద్దులే నాయనా. ఇది బతికుండేదాని పేరుకే వచ్చినాది" అని, చూపించిన చోట సంతకం పెట్టింది.