మామ చెవి, డ్రైవర్ సైడు చక్రం

మొన్న గ్యారేజీలో మెకానిక్ నా కారు వెనక చక్రం దగ్గర ఫోన్ పెట్టి, మోత రికార్డు చేసి, తెర మీద గీతలు చూసి "బేరింగ్ ఖలాస్" అని తేల్చేశాడు. నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ కిందట ఇదే దోహాలో, ఇదే జబ్బును ఒట్టి చెవితో పట్టుకున్న మనిషి ఒకాయన ఉండేవాడు. మా అమ్మ తమ్ముడు, నా మేనమామ.

మామది కడప జిల్లా. ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవరు. గేటు పక్కనే ఆయన గది. నేను బయట నిలబడి "మామా" అని కేకేస్తే ముందు ఇంటావిడ కిటికీలోంచి తొంగిచూసేది. ఆ ఇంట్లో పనివాళ్ళందరూ ఆమెనే మామా అంటారు మరి. ఇంజను వేసిన మరుక్షణం బెల్టు వదులైందని చెప్పేసే ఆయన చెవి గురించి మా ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. అలాంటిది, ఆ ఏడాది రెండుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదని ఆ ఇంట్లో మాట మొదలైంది. "ఏసీ మోతలో యాడ ఇనపడతాది?" అని పైకి కొట్టిపారేసేవాడు గానీ, చెవులు పోతున్నాయేమోనన్న భయం ఆయన్ని లోలోపల తినేస్తోందని నాకు తెలుసు.

నేనప్పుడు ఇండియా నుంచి కొత్తగా వచ్చి, అల్ దోహా అల్ జదీదా అనే పేటలో గది తీసుకుని, ఇక్కడి లైసెన్సు చేతికందిన నెలలోనే ఒక పాత కారు కొన్నాను. కాస్త వేగం అందుకుంటే చాలు, వెనక నుంచి బుయ్యిమని ఒకటే మోత. గురువారం సాయంత్రం మామ వెనక సీట్లో కూర్చుని, ఏసీ ఆపించి, ఒకే రౌండబౌట్ చుట్టూ నా చేత నాలుగు చుట్లు తిప్పించాడు. చెమటలు కారిపోతున్నా కళ్ళు తెరవలేదు. చుట్టూ తిరిగేటప్పుడు మోత తగ్గుతోందట, కుడికి మళ్ళి బయటికి రాగానే పెరుగుతోందట. నాకైతే రెండూ ఒకటే. మలుపులో బరువు మీద పడ్డప్పుడు మోత పెంచే చక్రానిదే జబ్బని ఆయన లెక్క. "డ్రైవర్ సైడు ఎనక బేరింగు పోయింది అల్లుడా. రేప్పొద్దున దాన్ని ఇప్పుకోని నా రూముకు రా. అది జూపిచ్చి అట్లాంటిదే కొందాం," అన్నాడు.

శుక్రవారం పొద్దున ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, చక్రమూ బ్రేకు డ్రమ్మూ ఊడదీశాను. తుప్పుపట్టిన నాలుగు బోల్టులతో రెండు గంటలు కుస్తీ పడితే గానీ బేరింగ్ చేతికి రాలేదు. జీవితంలో మొదటిసారి కారు విప్పిన గర్వంతో దాన్ని పేపర్లో చుట్టుకుని మామ గదికి పరుగెత్తాను.

ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. గరగర లేదు, చప్పుడే లేదు, మెత్తగా తిరుగుతోంది. "నీకేమన్నా ఇనపడతాందా?" అన్నాడు. లేదన్నాను. మంచం మీద కూలబడ్డాడు. "రేపు బాబాకు తాళాలు ఇచ్చేస్తా. ఎనక పిల్లోళ్ళు కూచ్చుంటారు అల్లుడా. ఈ చెవులు పెట్టుకోని వాళ్ళను ఇస్కూలుకు తోలగూడదు," అన్నాడు. బాబా అంటే ఆ ఇంటి యజమాని. తాళాలు ఇవ్వడమంటే ఉద్యోగం వదులుకుని ఇంటికి పోవడమే. ఎవరూ పొమ్మనకముందే తనంతట తానే తప్పుకుంటానంటున్న ఆ మనిషి మీద కలిగినంత గౌరవం నాకు ఇంకెవరి మీదా కలగలేదు.

చక్రం లేని కారును అలా వదిలేయకూడదని, అంత దిగులులోనూ నాతో బయల్దేరాడు. కారు కనబడగానే ఆగిపోయాడు.

"యా పక్క ఇప్పినావ్?"

"నువ్వు చెప్పిందే మామా. డ్రైవర్ సైడు."

"ఈ దేశంలో డ్రైవరు యాడ కూచ్చుంటాడ్రా?"

స్టీరింగ్ వైపు చూశాను. ఎడమవైపు ఉంది. నెల రోజులుగా దాని వెనకే కూర్చుని నడుపుతున్నాను. అయినా డ్రైవర్ సైడు అనగానే నా బుర్ర ఇండియాకు పోయి కుడివైపు కూర్చుంది. మామ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు, మళ్ళీ తిట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుడివైపు బేరింగ్ తిరిగి బిగించి, ఎడమది తానే విప్పాడు. తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంది. ఇక చాలు మామా అంటున్నా వినకుండా, దాన్ని చెవికి ఆనించుకుని తిప్పుతూనే ఉన్నాడు. శుక్రవారం నమాజుకు మూసిన షాపు సాయంత్రం తెరిచాక కొత్తది తెచ్చి వేశాం. కారు మోత మానేసింది.

మామ ఇంకో నాలుగేళ్ళు ఆ పిల్లల్ని బడికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఒకరోజు, ఎవరూ అడగకముందే, తాళాలు ఇచ్చేసి వచ్చి నాకు చెప్పాడు. ఈసారీ ఏదో పొరపాటు జరిగే ఉంటుందని ఆశగా ఆయన్ని ఎన్నో ప్రశ్నలు అడిగాను. ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడగాల్సి వచ్చింది. నా తప్పయితే రెండో పక్క విప్పి దిద్దుకున్నాం గానీ, కాలానికి విప్పి చూసేందుకు రెండో పక్కంటూ లేదు.