చెల్లెలి ముఖానికి నేను రాసిన మలాం

నా కుడిచేతి చూపుడువేలికి ఆ మలాం జిడ్డు ఇంకా అంటుకునే ఉందనిపిస్తుంది. సబ్బు పెట్టి కడుగుతాను, కొంగుకు తుడుచుకుంటాను. పోదు.

మహారాష్ట్రలోని చంద్రపూర్ బజారులో మాకు మూడు తలుపుల బట్టల దుకాణం ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి ఒక తలుపే మిగిలింది. నాన్న పోయేనాటికి అదీ లేదు. అమ్మ అంతకు ముందే పోయింది. అదే ఊళ్ళో బాబుపేట్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో నేను, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నదైన చెల్లెలు మిగిలాం. అన్నదమ్ములు లేరు కాబట్టి ఇంటి పరువు నా వంతుకు వచ్చింది. పక్కింటివాళ్ళు ప్రేమగా పంపిన కూరగిన్నెను కూడా మూత తియ్యకుండా వెనక్కి పంపేదాన్ని.

చెల్లెలికి కాలేజీ రెండో ఏడాదిలో మొటిమలు మొదలయ్యాయి. నుదుటి మీద సన్నగా లేచి, చెంపలకు దిగి, గడ్డం దగ్గర చీముగడ్డలయ్యాయి. ప్రైవేటు డాక్టరుకు చూపించే స్తోమత లేదు. సర్కారు దవాఖానలో చూపించమని అందరూ చెప్పారు. అక్కడ చిట్టీ రాయించుకొని, నంబరు పిలిచేదాకా వరుసలో కూర్చోవాలి. ఒకప్పుడు మా దుకాణం మెట్ల మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చినవాళ్ళ పక్కన. నా వల్ల కాదనుకున్నాను.

అందుకే మందుల దుకాణానికి వెళ్ళాను. దాని యజమాని తండ్రి మా దగ్గర బట్ట కొలిచేవాడు. నన్ను చూడగానే యజమాని స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

“సేటు బిడ్డ మా దుకాన్లకు వచ్చుడేంది! ఫోన్ కొడితే ఇంటికే పంపిద్దును గద!”

మమ్మల్ని అట్లా పిలిచేవాళ్ళు ఊళ్ళో అప్పటికి ఆయనొక్కడే. డాక్టరు చీటీ అడగకుండానే ఒక ట్యూబు తీసిచ్చాడు. “పది దినాలు రాయుండ్రి. మొఖం పాలలెక్క అయితది” అన్నాడు. అది ఏం మందో నేను అడగలేదు. అడిగితే ఆ మర్యాద ఎక్కడ తగ్గుతుందోననిపించింది.

రోజూ సాయంత్రం చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని నేనే రాసేదాన్ని. పది రోజుల్లో మొటిమలు అణిగాయి. ముఖం తెల్లబడి నున్నగా మెరిసింది. “అచ్చం నాన్నమ్మ లెక్కనే ఉన్నవ్” అన్నాను, గర్వంగానే. పది రోజులు నాలుగు నెలలయ్యాయి.

ఒకసారి ట్యూబు దొరక్క రెండు రోజులు ఆపాం. ముఖమంతా కందిపోయి మంట. మొటిమలు గుంపులుగా తిరిగొచ్చాయి, ముందు లేని చోట కూడా. చెంపల మీద నూగు మొలిచింది. మళ్ళీ రాస్తే చల్లబడేది, ఆపితే రగిలేది. మా ఊళ్ళో ఆడపిల్లలంతా ఎండకు ముఖం నిండా స్కార్ఫు చుట్టుకొనే స్కూటీ నడుపుతారు కాబట్టి బయట ఎవరికీ తెలియలేదు. తర్వాత చెల్లెలు ఇంట్లో కూడా స్కార్ఫు విప్పడం మానేసింది. కాలేజీకి పోవడం మానేసింది. గోడవైపు తిరిగి అన్నం తినేది. ఆ రెండు గదుల్లో రెండు కళ్ళు మాత్రం తిరుగుతుండేవి. అవి నా మీద పడినప్పుడల్లా నేను ఏదో ఒక పని వెతుక్కునేదాన్ని.

చివరికి ఒక పొద్దున తనే బయల్దేరింది. “దవాఖానకు పోతున్న. నీకు నామోషీ అయితే రాకు” అంది. వెనకాలే వెళ్ళాను. వరుసలో కూర్చున్నాం. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. అది కూడా గుచ్చుకుంది.

డాక్టరమ్మ ట్యూబు మీది పేరు చదివి తల పట్టుకుంది. ఇందులో స్టెరాయిడ్ ఉంది, మొటిమలకు రాయకూడదు అని మరాఠీలో చెప్పింది. “ఎవరిచ్చారు?” అని అడిగింది.

పైన ఫ్యాను కిర్రుమంటూ ఎన్నో చుట్లు తిరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ ఏ గదిలో ఫ్యాను కిర్రుమన్నా వినిపిస్తుంది.

“మీచ్” అంది చెల్లెలు. నేనే కొనుక్కున్నాను, అని.

డాక్టరమ్మ దాన్నే కోప్పడింది, చదువుకున్న పిల్లవు, బుద్ధి లేదా అని. ఈ ట్యూబు ఇక ముట్టుకోవద్దు. మెత్తటి ఫేస్‌వాష్, మామూలు మాయిశ్చరైజర్, ఎండకు సన్‌స్క్రీన్, రాసిచ్చిన మాత్రలు, అంతే. ముందు ఇంకా ఎక్కువవుతుంది, భయపడొద్దు, గిల్లొద్దు.

ఆమె చెప్పినట్టే ఎక్కువైంది. “అక్కా, ఒక్కసారి రాయవే, కాలిపోతుంది” అని చెల్లెలు నా చెయ్యి పట్టుకొని బతిమాలేది. నేను తడిగుడ్డ వేసేదాన్ని. ముఖం తేటపడటానికి దాదాపు ఏడాది పట్టింది. చెంపల మీద గుంటలు ఉండిపోయాయి. ఇప్పుడు దగ్గర్లోని భద్రావతిలో బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది, ముఖానికి ఏ అడ్డూ లేకుండా.

మొన్న తను బడికి తయారవుతుంటే, ఇన్నేళ్ళకు అడిగాను. “ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదే?”

నా వైపు తిరగకుండానే, చెంపకు సన్‌స్క్రీన్ రాసుకుంటూ అంది: “నువ్వే చెప్తవని జరసేపు ఆగిన. నువ్వు నడుము నిటారుగ పెట్టుకొని క్యాలెండరు దిక్కు చూస్తున్నవ్. ఇగ డాక్టరమ్మ ఎంతసేపని ఆగుతది?”